నూనె పేరిన పొద్దు

ఈ ఏడు చలి కబురు
ముందుగా తెచ్చింది కొబ్బరినూనె సీసా.
తల వంచితే జారలేదు.
చీపురుపుల్ల పెట్టి కెలికి
తెల్లటి ముక్క ఒకటి అరచేతిలో వేసుకుని
"ఒలే, ఇలా చూడు" అన్నాను.
నీలవేణి చూసింది,
దాన్ని ముక్కుకి రాసుకుని బడికి పోయింది.

పది గంటలకల్లా మళ్లీ నీళ్లే అనుకో.
పర్లాకిమిడిలో ఇంకా అంత చలి ఎక్కడిది?
ఫ్యాను ఒకటి మీద తిరుగుతోంది.
దుప్పటి కాళ్ల దగ్గరే పడుంటోంది,
తెల్లారగట్ల ఎవరు ముందు లాక్కుంటారన్నదే తగువు.

ఎండ మాత్రం మారింది.
వేసవంతా గడప అవతలే నిలబడ్డది
ఇప్పుడు అడక్కుండా లోపలికొచ్చి
కుట్టుమిషను దాకా కాళ్లు జాపుకుని కూర్చుంటోంది.
ఆ వెలుగులోనే
కూర్మనాథం చెయ్యి నా ఒళ్లో పెట్టుకుంటాను.
పేము కుర్చీలు అల్లే చెయ్యి,
రోజుకో పేడు దిగందే ఇంటికి రాదు.
సూది కొసతో మెల్లిగా లేవదీస్తుంటే
పెదవి బిగబట్టి చూరు వేపు చూస్తాడు,
నలభై ఏళ్లోడు,
సూదిమందు పొడిపించుకునే గుంటడిలాగ.
"అయిపోయిందా?"
"ఇంకా ముట్టుకోనేదు."
అప్పటికే పేడు నా గోటి మీద ఉంటుంది, నలుసంత.
నూనె ముక్క ఆ వేలి మీద పెట్టి
కరిగేదాకా రాస్తాను.
కరిగాక కూడా.

సంతరోజు సవర ఆడోళ్లు గంపలతో దిగారు.
సీతాఫలాలు.
కళ్లు విచ్చినవి ఆ పూటే అయిపోయాయి,
విచ్చనివి బియ్యం డబ్బాలో కప్పెట్టాను.
ఎన్నో నాకొక్కదానికే తెలుసు: తొమ్మిది.
మూడోనాడు చెయ్యి పెడితే ఏడు తగిలాయి.
ఎవర్నీ అడగలేదు.
పెరట్లో బట్టలుతికే బండ పక్కన
నల్లగా, నిగనిగలాడుతూ గింజలు, రెండు కుప్పలు,
ఒకటి చిన్నది, ఒకటి పెద్దది.
తండ్రీ కూతురూ ఒక మాట మీదున్నారన్న మాట.

బీరపాదు సంగతి చెప్పనేలేదు.
నేను నాటింది నా గోడ కింద.
అది పోయి పూస్తున్నది పక్కింటి రేకుల మీద.
సందేళ, పువ్వు విచ్చే వేళకి
ఆ ఇంటి ఇతిశ్రీ నిచ్చెన వేసుకుని ఎక్కుతుంది.
ఇతిశ్రీ అంటే ఇక చాలని అర్థమట,
ఆడపిల్లలు చాలనుకుని పెట్టిన పేరట.
ఆ తర్వాత పుట్టిన ఇద్దరు చెల్లెళ్లూ
ఇప్పుడు నిచ్చెన కింద గౌనులు పరిచి నిలబడ్డారు.
"జొహ్ని ఫూలొ, మావుసీ!" అంటుంది నన్ను చూసి.
"బీరపూలే" అంటాను.
మూడేళ్లుగా ఇదే పేచీ,
ఇద్దరిలో ఒకరమైనా తగ్గితే కదా.
కాయలు పడిపోతాయని మా ఆయన గొణుగుడు.
ఆ పిల్ల మగపూలే కోస్తుంది, నేను చూశాను.

పున్నమి రాత్రి కరెంటు పోయింది.
ఎవరూ తిట్టుకోలేదు, అదొక వింత.
మేడ ఎక్కాం.
వాళ్ల మేడ మీద పిల్లలు
గొంతుక్కూర్చుని ఎగురుతూ ఏదో ఆట,
నీలవేణి పిట్టగోడ దాటిపోయి
మూడు గంతులకే చతికిలబడింది,
నవ్వు వీధి చివరిదాకా వినబడింది.
కాసేపటికి ఇతిశ్రీ తల్లి గిన్నె అందించింది:
పేలాలు, అరటిపండు, కొబ్బరి, బెల్లం
కలిపి ముద్ద చేసి, అర్ధచంద్రుడిలా వంచి.
చందమామకి చూపించాక మనకట.
వేళ్లకి అంటుకుంది, నాకేశాం.

ఖాళీ గిన్నె తిరిగి పంపకూడదు కదా.
చీకట్లోనే కిందికి దిగి
బియ్యంలో మోచేతి దాకా చెయ్యి పెట్టి వెతికాను.
నాలుగే తగిలాయి.

పడుకోబోతూ
నూనె సీసాని పొయ్యి పక్కన పెడదామనుకుని
మళ్లీ గూట్లోనే పెట్టేశాను.
పేరితే పేరనీ,
పుల్ల అక్కడే ఉంది.